మాక్స్ ఫ్లైషర్ యంత్రాలు: రోటోస్కోపు, తిరిగే సెట్టు, దూకే బంతి. పిల్లలచేత చేయించాలంటే ఎలా?

డాల్ఫిన్స్‌నోస్

అందరికీ నమస్కారం. విశాఖలో బొమ్మలు నేర్చుకుంటున్న కాలేజీ పిల్లలకి ఒక రోజు తరగతి పెడుతున్నాం. విషయం అమెరికాలో కార్టూన్ సినిమాలు తీసిన మాక్స్ ఫ్లైషర్. డిస్నీ గురించి వాళ్లకి కొత్తగా చెప్పేదేమీ లేదు. బెట్టీ బూప్‌నీ, పొపాయ్‌నీ టీషర్టుల మీద చూసే ఉంటారు గానీ, వాటిని సినిమాలుగా తీసిన స్టూడియో ఎవరిదంటే చెప్పలేరు.

ఉపన్యాసం అరగంట చాలు, మిగతా పొద్దంతా చేతిపని. తప్పెటగుళ్ల బృందం ఒకటి వచ్చి ఆడి చూపిస్తామంది. ఆ ఆటని రోటోస్కోపు చేయించాలని, అంటే వీడియో తీసి ఫ్రేముల మీదే బొమ్మలు గీయించాలని ఆలోచన. ఫ్లైషర్ వాడిన తిరిగే సెట్టుని కూడా చిన్న సైజులో కట్టి చూపిస్తే బాగుంటుంది. పిల్లలు పదహారు మంది. ఖర్చు ఐదు వేలు దాటకూడదు. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

పాత రీలు

ముందు మనిషి సంగతి చూద్దాం.

1883 జులై 19న క్రాకోలో పుట్టాడు. తండ్రి దర్జీ. మాక్స్ చిన్నతనంలోనే కుటుంబం న్యూయార్క్ చేరింది. 'బ్రూక్లిన్ డైలీ ఈగిల్' పత్రికలో కార్టూన్లు వేశాడు, తర్వాత 'పాపులర్ సైన్స్ మంత్లీ'కి ఆర్ట్ ఎడిటరయ్యాడు. ఈ రెండో ఉద్యోగాన్ని పిల్లలకి గట్టిగా చెప్పండి. నెలనెలా కొత్త యంత్రాల లోపలి బొమ్మలు చూసే కుర్చీ అది. అప్పటి కార్టూన్ సినిమాల్లో బొమ్మలు కుదుపులతో, అతుకులతో నడిచేవి. కదలికని బుర్రలోంచి ఊహించి గీయడం దేనికి, మనిషిని సినిమా తీసి ఆ ఫ్రేముల మీదే గీస్తే పోదా అని ఆయన లెక్క. 1915 డిసెంబరులో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1917 అక్టోబరు 9న మంజూరైంది. అదే రోటోస్కోపు.

తమ్ముడు డేవ్‌కి విదూషకుడి దుస్తులు తొడిగి ఆడించారు. ఆ ఆటే తర్వాత కోకో అనే బొమ్మయింది. జాన్ బ్రే స్టూడియోలో 'అవుట్ ఆఫ్ ది ఇంక్‌వెల్' వరస మొదలైంది. సిరాబుడ్డిలోంచి కోకో పైకి రావడం, బల్ల దగ్గర కూర్చున్న మాక్స్‌తో పేచీ పెట్టుకోవడం, చివరికి మళ్లీ బుడ్డిలోకి పోవడం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫోర్ట్ సిల్‌లో సైన్యానికి శిక్షణ సినిమాలు చేశాడు. 1921లో సొంత స్టూడియో పెట్టాడు.

1923లో ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతం మీద ఒక చిత్రం తీశాడు. విదూషకుడూ ఐన్‌స్టైనూ ఒకే బల్ల మీద తయారయ్యారన్నమాట. మనిషి స్వభావం అంతా అందులో కనిపిస్తుంది.

1930లో బెట్టీ బూప్, 1933లో పొపాయ్, 1939లో పెద్ద సినిమా గలివర్, 1941లో సూపర్‌మాన్. 1942 వచ్చేసరికి స్టూడియో ఆయన చేతుల్లో లేదు. ఆ కథ తర్వాత.

జగదాంబ జంక్షన్

రోటోస్కోపంటే గాజు మీద పెట్టి దించీడమే కదండీ. అందులో కళేటుంది? పిల్లలకి దొంగదారి చూపించినట్టవదా?

పెగ్‌బారు

జంక్షన్ గారూ, దించడం తేలికని మీరనుకుంటున్నారు. ఉన్నదున్నట్టు దించితే బొమ్మ చచ్చిపోతుంది. కెమెరాలో మనిషి బరువుగా కనిపించడానికి కండ, నీడ, బట్ట ముడతలు అన్నీ తలో చెయ్యి వేస్తాయి. ఒట్టి గీత మిగిలేసరికి ఆ బరువంతా పోయి, బొమ్మ నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. ఫ్లైషర్ మనుషులు 1932లో జాజ్ గాయకుడు కాబ్ కాలొవే ఆటని 'మిన్నీ ది మూచర్'లో దెయ్యపు వాల్రస్‌కి తొడిగారు చూడండి. అడుగు ఆయనది, ఒళ్లు వాల్రస్‌ది. తీసుకున్నది కాలం, బరువు, ఒంపు. ఆకారం మాత్రం సొంతం. గలివర్‌కి ఆ తెగువ చూపలేదు. గలివర్ ఒక్కడూ అచ్చం మనిషిలా కదులుతాడు, చుట్టూ ఉన్న లిల్లిపుట్లు రబ్బరు బొమ్మల్లా కదులుతారు. రెండూ ఒక తెర మీద ఇమడవు.

ఇక పని. ఎనిమిది సెకన్ల ముక్క తీసుకోండి, అంతకంటే వద్దు. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి మొత్తం 192. ఒక్కో గీతని రెండు ఫ్రేములు నిలబెడితే 96 బొమ్మలు. పదహారు మందికి తలా ఆరు. కానీ వరసగా ఆరేసి పంచేయకండి. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన ప్రతిచోటా బొమ్మ లావు మారి, గీత ఉడుకుతున్నట్టు కదులుతుంది. 1, 9, 17, 25... ఇలా 185 దాకా వెళ్తే 24 కీలకమైన బొమ్మలొస్తాయి. ఇవి చెయ్యి నిలకడగా ఉన్న ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి. తర్వాత నడిమి బొమ్మలు 5, 13, 21... ఇంకొకరికి. చివర్లో 3, 7, 11, 15... మిగతా అందరికీ. వాళ్లు కింద వీడియో ఫ్రేము ఒకటే కాదు, అటూ ఇటూ పూర్తయిన బొమ్మలు కూడా పెట్టుకుని గీయాలి. నడిమి బొమ్మలకి వేరే మనిషిని పెట్టే పద్ధతి మొదలైంది కూడా ఫ్లైషర్ దగ్గరే. డిక్ హ్యూమర్ అనే ఆర్టిస్టు సమయం ఆదా చెయ్యడానికి ఆర్ట్ డేవిస్‌ని పక్కన కూర్చోబెట్టారు.

కాగితం: ఏ4, 80 జీఎస్‌ఎం, అందరికీ ఒకే రీములోంచి. కాగితాలు జరగకుండా పట్టి ఉంచడానికి స్టూడియోల్లో వాడే పెగ్ బారుకి మధ్యలో గుండ్రం, అటూ ఇటూ పలక పెగ్గులుంటాయి, దానికి రంధ్రాలు చేసే పంచి ఖరీదు. మీకు ఆఫీసు ఫైళ్లకి వాడే రెండు రంధ్రాల పంచి చాలు. ఆ రంధ్రాల మధ్య దూరం 80 మి.మీ., వ్యాసం 6 మి.మీ. అదే కొలతకి ఒక చెక్క బద్ద మీద 6 మి.మీ. గూటాలు రెండు దిగ్గొట్టించండి, పెగ్ బారు సిద్ధం.

మన ఊరితో వచ్చే చిక్కు వేరు. సముద్రపు తేమకి కాగితం సాగుతుంది, అదీ అన్నివైపులా ఒకేలా సాగదు, నార అడ్డంగా ఉన్నవైపు ఎక్కువ. ఏసీ గదిలో సగం గీసి, వరండాలో మిగతా సగం గీస్తే రంధ్రాలు కలిసినా బొమ్మలు కలవవు. ముందురోజు రాత్రే రీము విప్పి, గీసే గదిలోనే పెట్టండి. ఏసీ వేస్తే పొద్దున్నుంచీ సాయంత్రం దాకా వేసే ఉంచండి.

డాల్ఫిన్స్‌నోస్

అర్థమైంది పెగ్‌బారు గారూ. ఫ్రేములు కాగితం కిందికి తేవడం ఎలా? 96 ప్రింట్లు తీయించేద్దామా?

పెగ్‌బారు

తీయించవచ్చు గానీ, ప్రింటరు ప్రతి కాగితాన్నీ ఒకేలా లాగదు, ఒక మి.మీ. అటో ఇటో జరుపుతుంది. ఆ మి.మీ. తెర మీద వణుకై కూర్చుంటుంది. ప్రింట్లే అంటే వీడియోలోనే నాలుగు మూలలా ప్లస్ గుర్తులు పెట్టి, కాగితం అంచుని కాకుండా ఆ గుర్తుల్ని పట్టుకుని పంచి కొట్టాలి.

పాత మానిటర్‌ని పడుకోబెట్టి, పైన గాజు పెట్టి గీయడం ఇంకో దారి. ప్యానెల్ మెత్తన, పెన్సిలు ఒత్తిడి తగిలితే మచ్చ పడుతుంది. కాబట్టి గాజుని నాలుగు మూలలా దిమ్మల మీద నిలపాలి, ప్యానెల్‌కి తగలకూడదు. అక్కడే ఇంకో తంటా. బొమ్మకీ కాగితానికీ మధ్య ఐదారు మి.మీ. సందు. తల పక్కకి వంచితే గీత పక్కకి పోతుంది.

ఫ్లైషర్ యంత్రంలో ఈ గొడవే లేదు. ప్రొజెక్టర్ వెనకనుంచి గాజు మీదికి వెలుగు కొడుతుంది, గాజు మీద పలచటి కాగితం ఉంటుంది, బొమ్మ ఆ కాగితం మీదే పడుతుంది. సందు లేదు కాబట్టి తల ఎటు వంచినా గీత కదలదు. చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ ఎవరిదగ్గరైనా దొరికితే అదే పద్ధతి చేసి చూపించండి. 5 మి.మీ. గాజుని ఈజిల్‌లా కొంచెం వాల్చి నిలబెట్టి, వెనక ప్రొజెక్టర్. మెనూలో 'రియర్' అన్న అమరిక పెట్టకపోతే బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి. ప్రొజెక్టర్ని గాజుకి ఎదురుగా నిటారుగా ఉంచి, కీస్టోన్ (బొమ్మ వంకర సరిచేసే అమరిక) సున్నా చేయండి. గాజున్న బల్ల మీద ప్రొజెక్టర్ పెట్టొద్దు. ఫ్యాను అదురు గీతల్లోకి వచ్చేస్తుంది.

గాజువాక గీతలు

వీడియో దగ్గర జాగ్రత్త పడకపోతే తర్వాత ఎంత గీసినా దండగ. ఫోను 30 ఫ్రేములకి తీస్తే, దాన్ని 24కి మార్చినప్పుడు ప్రతి ఐదింటిలో ఒకటి ఎగిరిపోతుంది. గంతులో సరిగ్గా కాలు నేలకి తగిలే ఫ్రేమే పోతే ఇక అతుకు పడదు. మాన్యువల్ కెమెరా యాప్‌తో 24కే తీయండి. చాలా ఫోన్లు వెలుతుర్ని బట్టి ఫ్రేము వేగాన్ని తమంతట తామే మార్చేసుకుంటాయి, కాబట్టి కంప్యూటర్లో వేసుకున్నాక ముందు స్థిరమైన 24కి మార్చి, అప్పుడు ఫ్రేములు విడగొట్టాలి.

లోపల ట్యూబులైట్ల కింద తీస్తే షట్టర్ సెకనులో 50లో ఒక వంతు గానీ 100లో ఒక వంతు గానీ ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, వేరే వేగం పెడితే పట్టీలు పట్టీలుగా వెలుగు కదులుతుంది. కానీ ఆ షట్టర్లో తప్పెటగుళ్ల గంతు చెదిరిపోయి అంచు కనపడదు. అందుకని పగటి ఎండలో, 250లో ఒక వంతు లేదా అంతకంటే వేగంగా.

చోటు కావాలంటే బీచ్ రోడ్డు బాగుంటుంది, పొద్దున్న వెలుగు సముద్రం వైపు నుంచి వస్తుంది. కెమెరా వీపు సముద్రానికి, ఆటగాళ్ల ముఖం సముద్రానికి. ఇసకలో మాత్రం ఆడించొద్దు. పాదం ఇసకలో దిగిపోతుంది, ఎక్కడ ఆగిందో తెలీదు, బొమ్మ జారుతున్నట్టు వస్తుంది. గచ్చు మీద ఆడించి, సుద్దతో అడుగుకొక అడ్డగీత వేయండి. కెమెరా స్టాండు మీద, నడుం ఎత్తులో. ఎగిరినప్పుడు తల తెగకుండా పైన సగం మనిషంత ఖాళీ వదలండి.

పెగ్‌బారు

దానికి ఇంకో మాట కలపండి. తప్పెట గుండ్రటి రేకు, గుండె మీద కట్టుకుంటారు. ఒళ్లు తిరిగినకొద్దీ అది అండాకారంగా నలుగుతుంది. అంచు మీద గడియారంలో 12, 3, 6, 9 ఉండే చోట్ల నల్ల టేపు ముక్కలు అంటించండి. ఆ నాలుగు చుక్కలు దొరికితే అండాకారం తప్పు పోదు, రొమ్ము ఎటు తిరిగిందో కూడా అదే చెప్తుంది. మోకాళ్లకి ముదురు పట్టీ కట్టండి. కాళ్లకి గజ్జెలు ఎలాగూ ఉంటాయి.

గీసేటప్పుడు వరస ఇది: మొదట నేల గీత, నేలకి ఆనిన పాదం. తర్వాత తుంటి, భుజాలు, ఒక్కోదానికి ఒక్కో అడ్డగీత. ఆ తర్వాత వెన్ను ఒంపు, తప్పెట, చేతులు. తల ఆఖరు. ముఖం అసలు దించొద్దు. ముక్కు ఒక వెంట్రుకవాసి జరిగినా ముఖం కొట్టుకుంటున్నట్టే ఉంటుంది. ముఖాన్ని విడిగా ఒక నమూనా బొమ్మ చూసి వేసుకోవాలి. బట్టల్లో రెండే మడతలు, పంచె అంచు ఒకటి, నడికట్టు ఒకటి. కోకోకి వదులు చొక్కా, పెద్ద గుండీలు ఎందుకున్నాయనుకున్నారు? వదులు బట్ట కీళ్లని కప్పేస్తుంది, గుండీలు ఒంటి నడిమి గీతని చూపిస్తాయి.

ఇక బరువు. గంతుకి ముందు మోకాళ్లు వంగేది వీడియోలో మూడు నాలుగు ఫ్రేములే ఉంటుంది. ఆ అట్టడుగు బొమ్మలో తుంటిని పావు తలంత ఇంకా కిందికి లాగి, రెండు ఫ్రేములు ఎక్కువ నిలపండి. పైన గాలిలో ఉన్నప్పుడు ఇంకో రెండు ఎక్కువ. అలా పెంచిన నాలుగు ఫ్రేముల్నీ కిందికి దిగేచోట తగ్గించండి, లేకపోతే డప్పు దెబ్బ తప్పుతుంది. జంక్షన్ గారూ, మీరడిగిన కళ ఆ నాలుగు ఫ్రేముల్లో ఉంది.

జగదాంబ జంక్షన్

ఒప్పుకున్నాం బాబూ. మరి అంత బాగుంటే డిస్నీ వాడలేదేటి?

పాత రీలు

వాడాడు. అప్పట్లో అమెరికా పేటెంటు మంజూరైనప్పటి నుంచి 17 ఏళ్లు. 1934తో గడువు తీరింది. 1937లో స్నోవైట్ వచ్చింది, దానికి నర్తకి మార్జ్ చాంపియన్‌తో ఆడించి తీసిన ఫిల్ము ఆధారం. డిస్నీ దగ్గర కూడా ముందు ఫ్రేము మీద దించి, తర్వాత తల పెద్దది చేసి, నడకని సవరించారు. పెగ్‌బారు గారు చెప్పింది అదే కదా.

రంగు సంగతి దీనికి తిరగబడింది. మూడు రంగుల టెక్నికలర్‌ని కార్టూన్లకి వాడే హక్కు 1935 చివరిదాకా డిస్నీ ఒక్కడి గుప్పిట్లో ఉంది. అందుకే 1934లో బెట్టీ బూప్ ఒకేఒక్క రంగుల సినిమా 'పూర్ సిండరెల్లా' రెండు రంగుల సినీకలర్‌లో వచ్చింది. తిరిగే సెట్టు కూడా అందులో ఉంది. ఆ సెట్టుకి పేటెంటు 1936లో వచ్చింది.

సెట్టుమేస్త్రీ

తిరిగే సెట్టు నాకు వదిలేయండి. డిస్నీ మల్టీప్లేన్ కెమెరాలో గాజుపలకలు ఒకదాని కింద ఒకటి పడుకుని ఉంటాయి, కెమెరా పైనుంచి చూస్తుంది, ప్రతి పొరా బల్లపరుపు బొమ్మే. ఫ్లైషర్ది అడ్డంగా చూసే కెమెరా. ముందు నిలువుగా గాజుచట్రం, అందులో సెల్లు (పారదర్శకమైన షీటు) మీద వేసిన పాత్ర. వెనక నిజంగా కట్టిన చిన్న ఊరు, తిరుగుడు బల్ల మీద. ఫ్రేముకింత చొప్పున బల్ల తిప్పుతారు. 1936లో పొపాయ్ సింద్‌బాద్‌ని కలిసే రెండు రీళ్ల సినిమాలో గుహ దారి చూపించండి, పిల్లలు నోరెళ్లబెడతారు.

కట్టడం: 12 మి.మీ. ప్లైవుడ్ చక్రం, వ్యాసం 60 సెం.మీ. కింద డైనింగ్ టేబుల్ తిరుగుడు పళ్లేనికి వేసే బేరింగు. చక్రం అంచు చుట్టూ కాగితం టేపు అంటించి గీతలు పెట్టండి. ఫ్రేముకి పావు డిగ్రీ తిప్పాలి. 30 సెం.మీ. వ్యాసార్ధం దగ్గర పావు డిగ్రీ అంటే 1.3 మి.మీ. ప్రతి గీతా కొలుచుకుంటూ పోతే తప్పు పేరుకుపోతుంది. 13 మి.మీ.కి ఒక పెద్ద గీత వేసి, దాన్ని పది భాగాలు చేయండి. బల్లకి ఒక గుండుసూది ముల్లులా బిగించి, గీత ముల్లు దగ్గరికి వచ్చేదాకా తిప్పడం. సెకనుకి ఆరు డిగ్రీలు. బరువైన సెట్టయితే వేలు తీశాక కొంచెం వెనక్కి వస్తుంది, కింద ఫెల్ట్ ముక్క రాపిడికి పెట్టండి.

కొత్తగా కట్టేవాళ్లు బోల్తాపడేది ఇరుసు దగ్గర. చక్రం మధ్యలో ఊరు కట్టి తిప్పితే, ఇరుసుకి ముందున్న ఇళ్లు ఎడమకి పోతే వెనకున్నవి కుడికి పోతాయి. పాత్ర నడుస్తున్నట్టుండదు, ఊరు రాట్నం ఎక్కినట్టుంటుంది. కట్టిందంతా ఇరుసుకి ఇవతలే, కెమెరా వైపు అర్ధచక్రంలోనే ఉండాలి. ఇరుసుకి అవతల ఏమీ కనపడకుండా నిలబడ్డ అట్టగోడ, దాని మీద ఆకాశం లేదా కొండ. అప్పుడు దగ్గర ఇల్లు వేగంగా, దూరపుది నెమ్మదిగా, అన్నీ ఒకే దిక్కుకి పోతాయి.

సెట్టుకి అట్టలు, థర్మోకోల్ చాలు. ఏటికొప్పాక బొమ్మలు పెడితే అందంగానే ఉంటాయి కానీ లక్క మెరుపు కెమెరాకి పడదు, ప్రతి బొమ్మ మీదా ఒక తెల్ల చుక్క వెలుగుతుంది, బల్ల తిరిగినా ఆ చుక్క కదలదు, కన్ను అక్కడే పడుతుంది. టాల్కమ్ పౌడరు పలచగా అద్ది, దీపానికి ముందు ట్రేసింగు పేపరు కట్టండి.

గాజు: 4 మి.మీ. పలకలు రెండు, మధ్యలో సెల్లు. సెల్లుకి ఓహెచ్‌పీ షీటు. పాత్రకి వెనక తెల్లరంగు నింపాలి, లేకపోతే ఒళ్లులోంచి ఇళ్లు కనపడతాయి. ముందు పెర్మనెంట్ మార్కరుతో గీతలు, షీటు తిరగేసి వెనక అక్రిలిక్ రంగు. షీటుకీ గాజుకీ మధ్య గాలి చిక్కితే ఇంద్రధనస్సు వలయాలొస్తాయి, నాలుగు అంచులా సన్నని అట్ట బద్దీ వేసి షీటుని గాజుకి అంటకుండా ఆపండి. కెమెరా నుంచి గాజు 40 సెం.మీ., గాజు నుంచి ఇరుసు 50 సెం.మీ. గాజులో కెమెరా ప్రతిబింబం పడుతుంది, నల్లగుడ్డకి లెన్సంత కన్నం చేసి ముందు వేలాడదీయండి. దీపాలు గాజుకి 45 డిగ్రీల్లో, అటొకటి ఇటొకటి.

గాజువాక గీతలు

మేస్త్రీ గారూ, పెద్ద కెమెరా అయితే గాజూ సెట్టూ రెండూ ఫోకసులో ఉండాలంటే లెన్సు కన్నాన్ని ఎఫ్ 11, 16 దాకా మూయాలి, వెలుగు చాలదు. ఫోను సెన్సారు చిన్నది కాబట్టి అది తేలికే. ఫోకసు, ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు మూడూ తాళం వేయాలి. ఒక్కటి వదిలినా సెట్టు తిరిగినకొద్దీ ఆకాశం రంగు మారుతుంది.

దీపాలు ఇంటి కరెంటు మీద వద్దు. వోల్టేజీ పడ్డ ప్రతిసారీ ఒక ఫ్రేము మసక. 12 వోల్టుల బ్యాటరీతో ఎల్‌ఈడీ పట్టీలు వెలిగించండి. చిత్రీకరించేవాళ్లంతా నల్లచొక్కాలు వేసుకుని ప్రతి ఫ్రేముకీ ఒకే చోట నిలబడాలి. తెల్లచొక్కా అటూ ఇటూ తిరిగితే సెట్టు మీద వెలుగు కొట్టుకుంటుంది. ఇంకోటి, పాత్ర రెండేసి ఫ్రేములకి మారినా బల్లని మాత్రం ప్రతి ఫ్రేముకీ తిప్పాల్సిందే.

తాళం తప్పదు

దూకే బంతిని వదిలేస్తున్నారు. ఫ్లైషర్ తెచ్చినవాటిలో జనం ఇంకా రోజూ చూసేది అదే, పాటల వీడియోల్లో అక్షరాల మీద గంతులేసే చుక్క. 1924లో 'సాంగ్ కార్-ట్యూన్స్' మొదలుపెట్టారు. ఫిల్ము మీదే శబ్దం పట్టే లీ డి ఫారెస్ట్ ఫోనోఫిల్ము సాయంతో వాటిలో కొన్నింటికి శబ్దం కూడా పెట్టారు. 1926లో 'మై ఓల్డ్ కెంటకీ హోమ్'లో బొమ్మ నోరు తెరిచి, బంతిని చూస్తూ పాడమని జనంతో మాట్లాడింది. డిస్నీ మిక్కీ మౌస్ కార్టూన్ స్టీమ్‌బోట్ విల్లీ వచ్చింది 1928 నవంబరులో. పుస్తకాల్లో మొదటి మాట్లాడే కార్టూన్ అని ఏది రాసినా ఈ తేదీలు పిల్లలకి బోర్డు మీద రాయండి.

ఆ బంతి గీసినది కాదు. కర్ర చివర తెల్ల బంతి, కర్ర నల్లన. పాట పదాలు తిరిగే డ్రమ్ము మీద ఒక్కో వరసగా పైకొస్తాయి. పాటకి తగ్గట్టు మనిషి కర్ర ఆడిస్తాడు. నలుపు తెలుపు తేడా గట్టిగా పట్టే ఫిల్ము కాబట్టి కర్ర కనపడదు.

తరగతిలో గీతలతో చేయాలంటే లెక్క సులువు. నిమిషానికి 120 దెబ్బల పాటకి దెబ్బకి 12 ఫ్రేములు, 96 అయితే 15. పన్నెండింటిలో మొదటిది నేల, ఏడోది నడినెత్తి. పైన బంతి గీతలు దగ్గరదగ్గరగా, కింద దూరదూరంగా. సమానంగా పంచితే బంతి దూకదు, దారానికి వేలాడినట్టుంటుంది. నేలకి తగిలే ఫ్రేము దెబ్బకి ఒకటి రెండు ఫ్రేములు ముందే ఉండాలి, సరిగ్గా కలిపితే చెవికి ఆలస్యంగా అనిపిస్తుంది.

తెలుగు పాటకి ఇంకో సంగతి. బంతిని అక్షరం మీద దించాలి, పదం మీద కాదు. కింద ఒత్తున్నా పక్కన దీర్ఘమున్నా తలకట్టు నెత్తిన దిగాలి. రాగం సాగదీసేచోట బంతి దూకకుండా అక్షరం మీదే ఒరుగుతూ పక్కకి జరగాలి. గుడి, ఏత్వం ఉన్న అక్షరాలు ఎత్తు, కాబట్టి వరసపైన అక్షరమంత ఖాళీ వదిలి బంతికి నేల గీత అక్కడ గీసుకోండి. లేకపోతే 'కి' దగ్గర బంతి మునిగి 'క' దగ్గర తేలుతుంది.

డాల్ఫిన్స్‌నోస్

తాళం గారూ, ఇది మా లిస్టులో లేదు, ఇప్పుడు చేరింది. పాత రీలు గారూ, స్టూడియో ఎందుకు పోయిందో రెండు ముక్కల్లో చెప్పండి. పిల్లలు తప్పకుండా అడుగుతారు.

పాత రీలు

రెండు ముక్కల్లో తెమలదు. పంపిణీ, పెట్టుబడి అంతా హాలీవుడ్ సంస్థ పారమౌంట్ చేతిలో. పొపాయ్ పత్రికలకి కామిక్సు అమ్మే కింగ్ ఫీచర్స్ వాళ్లది, సూపర్‌మాన్ కామిక్సు పుస్తకాల వాళ్లది. సొంతంగా పుట్టించిన బెట్టీ బూప్‌ని 1934 సెన్సారు నియమాలు గౌను పొడుగు చేసి, ఇంటిపని చేసుకునే అమ్మాయిగా మార్చేశాయి. ఆకర్షణ పోయింది. అద్దె బొమ్మలతో సంపాదించిన పేరు అద్దె ఇంట్లో సున్నం వేయించడం లాంటిది.

1937 మే నెలలో స్టూడియో ఉద్యోగులు జీతాల కోసం, గంటల కోసం సమ్మె కట్టారు. అక్టోబరు దాకా నడిచింది. అమెరికా యానిమేషన్‌లో మొదటి పెద్ద సమ్మె అది. మాక్స్‌ని మేధావి అంటూ ఈ పేజీని దాటేసేవాళ్లున్నారు, మీరు దాటకండి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు నడిమి బొమ్మలు గీసి గీసి కట్టిన స్టూడియో అది. 1938లో స్టూడియోని మయామీకి ఎత్తుకుపోయారు. సంఘాల బెడద తక్కువ, పన్నులు తక్కువ. కానీ అక్కడ మనుషులు లేరు, హాలీవుడ్ నుంచి ఎక్కువ జీతానికి తెచ్చుకోవాల్సి వచ్చింది. గలివర్ ఖర్చు అంచనా దాటింది, పారమౌంట్ అప్పు పెరిగింది. రెండో పెద్ద సినిమా 'మిస్టర్ బగ్ గోస్ టు టౌన్' 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ దాడి జరిగిన రోజుల్లోనే విడుదలైంది. అప్పటికి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. 1942లో పారమౌంట్ స్టూడియోని తనలో కలిపేసుకుని ఫేమస్ స్టూడియోస్ అని పేరు మార్చింది. సూపర్‌మాన్ పదిహేడు చిన్న సినిమాల్లో తొమ్మిది ఫ్లైషర్‌వి, ఎనిమిది ఫేమస్‌వి.

మాక్స్ తర్వాత డెట్రాయిట్‌లో జామ్ హాండీ సంస్థకి పనిచేశాడు, 1972 సెప్టెంబరులో పోయాడు. కొడుకు రిచర్డ్ 1954లో డిస్నీకే '20,000 లీగ్స్ అండర్ ది సీ' డైరెక్ట్ చేశాడు. ఇది చెప్తే పిల్లలు నవ్వుతారు, చెప్పండి.

జగదాంబ జంక్షన్

ఇన్ని అమెరికా సంగతులెందుకండీ, మన దేశంలో బొమ్మల సినిమాలు తీసిన రామ్మోహన్ గారు లేరా?

పాత రీలు

ఉన్నారు, దానికి విడిగా ఒక తరగతి కావాలి. ఈ తరగతిలో ఒక్క ముక్క చెప్పవచ్చు. 1956లో ఆయన ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరినప్పుడు నేర్పింది డిస్నీలో 'బాంబీ', 'పీటర్ పాన్' చేసి వచ్చిన క్లెయిర్ వీక్స్. 1972లో రామ్మోహన్ సొంత సంస్థ పెట్టారు. అంటే మన దేశంలో యానిమేషన్ చదువు డిస్నీ గుమ్మంలోంచి వచ్చింది. ఫ్లైషర్ పద్ధతులు మన బడుల్లో తక్కువగా వినపడటానికి అదొక కారణమని నా అనుకోలు.

గాజువాక గీతలు

సినిమాలు వేసి చూపించడానికి ఇబ్బంది లేదు. మన చట్టంలో సినిమాకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఫ్లైషర్వి అన్నీ ఆ గడువు దాటినవే. పొపాయ్ బొమ్మతో చొక్కాలు అచ్చేసి అమ్మితే మాత్రం ట్రేడ్‌మార్కు గొడవ వేరే ఉంటుంది.

డాల్ఫిన్స్‌నోస్

వరస ఇలా అనుకుంటున్నా: పొద్దున్న గచ్చు మీద ఆట తీయడం, తర్వాత అరగంట ఉపన్యాసం, మధ్యాహ్నం దాకా గీతలు, భోజనం తర్వాత తిరిగే సెట్టు. ప్రొజెక్టరూ కెమెరా ఏసీ గదిలో ఉంటాయి. సెట్టు వరండాలో కడతాం, చోటు అక్కడే ఉంది. పరవాలేదా?

సెట్టుమేస్త్రీ

వరండా అయితే ఎండ కదులుతుంది, మూడు వైపులా నల్లగుడ్డ కట్టాలి. ఏసీ గదిలోంచి గాజుని, లెన్సుని తిన్నగా బయటికి తెచ్చారో, ఆ తేమకి రెండూ ఆవిరి పట్టేస్తాయి. తుడిస్తే మళ్లీ పడుతుంది. గాజుచట్రం పొద్దున్నుంచే వరండాలో ఉంచండి. కెమెరాని జిప్పు సంచిలో పెట్టి, సంచితోనే భోజనాలకి ముందు బయటికి తెచ్చి ఉంచితే, తినొచ్చేలోపు బయటి వేడికి అలవాటవుతుంది. అప్పటిదాకా సంచి విప్పొద్దు.